సోంపేటలో సంఘాలన్నీ కలిసి జరపదలచిన బహిరంగ ప్రార్థన: ఏ పద్ధతిలో జరపాలి?

మహేంద్రతనయ
అందరికీ వందనాలు. సోంపేట, కంచిలి, కవిటి, మందస మండలాల్లోని సంఘాల కాపరులు ఇటీవల ఒకచోట కూర్చొని, ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అందరూ ఆరుబయట కూడి ఈ ప్రాంతం కోసం ప్రార్థన చేయాలని నిర్ణయించారు. బాప్టిస్టు సంఘాలు, పెంతెకొస్తు సంఘాలు, ఏ మిషనుకూ చెందని స్వతంత్ర సంఘాలు ఒప్పుకున్నాయి. కతోలిక విచారణ (పారిష్) నుంచి ఫాదర్ గారు కూడా తమవారిని తీసుకొని వస్తామన్నారు. పట్టణంలోని ఒక కళాశాల మైదానాన్ని యాజమాన్యం ఇవ్వడానికి అంగీకరించింది. ఏర్పాట్లు చూసే బాధ్యత నాకు, మరికొందరికి అప్పగించారు.

మన ప్రాంతంలో సభలకు కొరత లేదు. వరికోతలు అయిపోయి మడులు ఆరగానే ప్రతి ఊళ్లోనూ మూడు రాత్రుల ఉజ్జీవ సభలు మొదలవుతాయి. విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో ప్రసంగీకులు వస్తారు, గాయక బృందం వస్తుంది, పరిచయాలు, శాలువాలు, సుదీర్ఘమైన వాక్యోపదేశం జరుగుతాయి, చివర జనం లేచి వెళుతుండగా అయిదు నిమిషాల ప్రార్థనతో ముగుస్తాయి. వాటివల్ల మేలు జరగలేదని నేను అనడం లేదు, నా విశ్వాసం కూడా అటువంటి సభలోనే బలపడింది. అయితే ఈసారి కూడిక మొత్తం ప్రార్థనగానే సాగాలని, ప్రసంగం ఉంటే అది పది నిమిషాలకు మించకూడదని నా అభిప్రాయం. దేని గురించి ప్రార్థించాలి, ఎవరు ప్రార్థించాలి, ఎంతసేపు జరపాలి అనే విషయాల్లో మీ సలహాలు కావాలి.

బారువ తీరం
మహేంద్రతనయ గారూ, వందనాలు. మత్స్యకార కుటుంబాల తరఫున ఒక మాట చెప్పనివ్వండి. ఫిబ్రవరిలో మా గ్రామాల మగవారిలో చాలామంది ఇక్కడ ఉండరు. వర్షాకాలం వెనుకబడగానే గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పోయి, అక్కడి యజమానుల పడవలపై పనిచేసి, వేసవి చేపలవేట నిషేధ కాలానికి గాని తిరిగి రారు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సరిహద్దు దాటారని పాకిస్తాన్ వారి చేతికి చిక్కి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ నెలల్లో వారి ఇళ్లలోని ఆడవాళ్లు కలెక్టరు కార్యాలయానికి ఎన్నిసార్లు తిరిగారో, మందిరాల్లో ఎన్ని రాత్రులు మోకాళ్లపై గడిపారో చూసినవాళ్లం మేము.

అందువల్ల సముద్రంపై ఉన్నవారి కోసం ప్రార్థించే వంతు వచ్చినప్పుడు, ఎవరో పెద్ద సేవకుడు వచ్చి "సముద్రమందు పనిచేయు వారిని కాపాడుము" అని ఒక్క వాక్యంలో ముగించకుండా, భర్త వెరావల్‌లో ఉన్న ఒక స్త్రీ చేత, కొడుకు పోయిన ఒక తల్లి చేత ప్రార్థన చేయించండి. వారికి మైకు ముందు నిలబడే అలవాటు ఉండదు, మాట తడబడవచ్చు. అయినా ఆ ప్రార్థన వారిదే కావాలి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, కవిటి
మీ సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు. కాని మూల ప్రశ్న ఒకటి ఉంది. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు, వీధుల మూలల్లో నిలిచి మనుష్యులకు కనబడేలా ప్రార్థించేవారి గురించి ఏమన్నారో మనందరికీ తెలుసు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకొని రహస్యమందున్న తండ్రికి ప్రార్థన చేయమన్నారు. అటువంటప్పుడు మైదానంలో వేదిక కట్టి, రంగు దీపాలు వెలిగించి, కూడలి నుంచి మైదానం దాకా సేవకుల ఫొటోలతో ఫ్లెక్సీలు కట్టి చేసే ప్రార్థన దేవుని చెవికి చేరడానికా, ఊరి కంటికి కనబడడానికా? ఈ ప్రశ్న కఠినమైనదే, అయినా మైదానం చదును చేయకముందే దానికి జవాబు చెప్పుకోవడం మంచిది. మందిరంలో చేసినా అదే దేవుడు వింటాడు కదా, ఆరుబయట ఎందుకు?

మందస కాపరి
మాస్టారూ, మీరు అడగవలసిన ప్రశ్ననే అడిగారు. నా చిన్నపాటి అవగాహన ప్రకారం, ప్రభువు ఖండించినది కనబడాలనే కోరికనే తప్ప కలిసి కూడడాన్ని కాదు. నెహెమ్యా 8వ అధ్యాయంలో స్త్రీలు, పురుషులు, వినగలిగిన వయసు వచ్చిన పిల్లలు నీటి గుమ్మం ఎదుటి మైదానంలో ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు నిలబడ్డారు. ఎజ్రా 10వ అధ్యాయంలోనైతే జనులు దేవుని మందిరపు వీధిలో కూర్చొని, చేసిన పాపాన్నిబట్టీ కురుస్తున్న గొప్ప వర్షాన్నిబట్టీ వణికారు. తుపానుల జిల్లాలో పుట్టిన మనకు ఆ వచనం చదివినప్పుడు కళ్లకు కట్టినట్లు ఉంటుంది. ఫిలిప్పీ పట్టణంలో ప్రార్థన జరిగే స్థలం ఊరి వెలుపల నదీతీరంలోనే ఉందని అపొస్తలుల కార్యముల 16వ అధ్యాయం చెబుతోంది.

ఆరుబయట ఎందుకని అడిగారు. మా మండలంలో అన్ని సంఘాలవారూ పట్టే మందిరం ఒక్కటీ లేదు. ఉన్నా, ఒక సంఘం మందిరానికి వెళ్లడానికి మరొక సంఘం వారు జంకుతారు. అది దాచవలసిన సంగతి కాదు. మైదానం ఎవరిదీ కాదు గనుక అందరూ వస్తారు. మరొక కారణం కూడా ఉంది. యిర్మీయా 29వ అధ్యాయంలో, చెరలో ఉన్నవారిని తాము నివసిస్తున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించమని దేవుడు ఆజ్ఞాపించాడు. పట్టణం కోసం చేసే ప్రార్థనను పట్టణం వింటే తప్పేమీ లేదు. ఏమని అడుగుతున్నామో వారికి తెలియడమే మంచిది.

విశ్రాంత ఉపాధ్యాయుడు, కవిటి
కాపరిగారూ, మీ వివరణను స్వీకరిస్తున్నాను. ఎవరిదీ కాని చోటు అన్న మాట నాకు బలమైన కారణంగా తోచింది. అయితే అదే కారణంతో వేదికను కూడా వదిలిపెట్టమని నా మనవి. వేదిక ఉంటే దానిపై ఎవరు కూర్చోవాలి, ఎవరి కుర్చీ మధ్యలో వేయాలి అనే తగవు తప్పదు. పూర్వం ఇటువంటి ఐక్య కూడికలు రెండు మూడేళ్లు సాగి ఆగిపోయినది సిద్ధాంత భేదాలవల్ల కాదు, కరపత్రంలో పేర్ల వరుస వల్ల. నేలమీద పరదాలు పరిచి అందరూ ఒకే మట్టంలో కూర్చుంటే, ప్రార్థించవలసినవారు తమ చోటనుంచి లేచి వచ్చి మైకు అందుకుంటే చాలు. ఫ్లెక్సీలపై ఎవరి ముఖమూ ఉండకూడదు, చోటు, తేదీ, వేళ ఉంటే చాలు.

పాటల విషయంలో కూడా ఒక సూచన చేస్తాను. ఒక్కొక్క సంఘం కొత్త పాటలు ఒక్కొక్కటి, అవి పక్క సంఘానికి రావు. పాత కీర్తనలు మాత్రం అందరికీ వస్తాయి. వాటిని రాసినవారిలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరి గారు మనకు పొరుగునున్న పర్లాకిమిడి ప్రాంతంలో పెరిగినవారు. 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, 1890లో కన్నుమూసిన ఆయన కీర్తనలు ఈనాటికీ తెలుగు క్రైస్తవులందరి నోటా ఉన్నాయి. వాద్యబృందం లేకపోయినా, ఒక హార్మోనియం, ఒక తబలా ఉంటే జనమే పాడుకుంటారు.

డయాలసిస్ నర్సు
నేను ఈ ప్రాంతంలోని ఒక డయాలసిస్ కేంద్రంలో పనిచేస్తున్నాను, ఒక సంఘంలో సభ్యురాలిని కూడా. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతంలో జరిగే ప్రార్థనలో ఆ జబ్బు ప్రస్తావన తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. అందువల్ల కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మొదటిది, రోజు. దాదాపు ప్రతి కేంద్రంలోనూ రోగులకు సోమ, బుధ, శుక్రవారాలు గాని, మంగళ, గురు, శనివారాలు గాని కేటాయిస్తారు. ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు యంత్రం మీద ఉండి లేచిన మనిషికి ఆ రోజంతా నీరసంగా ఉంటుంది. శనివారం సాయంత్రం పెడితే ఆ వంతులోని వారు రాలేరు, లేదా రాకూడని స్థితిలో వస్తారు. ఆదివారం సాయంత్రమైతే ఎక్కువ మందికి వీలుగా ఉంటుంది.

రెండవది, ఆతిథ్యం. మన ఉద్దానంలో ఇంటికి ఎవరు వచ్చినా మొదట చేతికి అందించేది కొబ్బరిబొండమే. కిడ్నీ జబ్బు ముదిరిన వారికి కొబ్బరినీళ్లలోని పొటాషియం ప్రాణాంతకం కాగలదు, గుండె కొట్టుకోవడం గతి తప్పుతుంది. అరటిపండు, పండ్లరసాలు కూడా అటువంటివే. మంచినీళ్లు సైతం వారు కొలత ప్రకారమే తాగాలి. ప్రేమతో బలవంతం చేసి ఇవ్వవద్దని వాలంటీర్లకు ముందుగానే చెప్పండి.

మూడవది, చేతులుంచి ప్రార్థించడం. డయాలసిస్ చేయించుకునే వారిలో చాలామందికి మోచేతి దగ్గరో మణికట్టు పైనో ఫిస్టులా ఉంటుంది. శస్త్రచికిత్సతో ధమనిని సిరకు కలపడం వల్ల ఆ చోట చర్మం ఉబ్బి ఉంటుంది, వేలు ఆనిస్తే లోపల రక్తం పరుగు సన్నని గరగరలా తెలుస్తుంది. ఆ చేయి వారికి జీవనాధారం. ప్రార్థనలో ఆవేశంతో ఆ చేతిని గట్టిగా పట్టుకోవడం, నొక్కడం, పైకి లాగడం చేస్తే అది మూసుకుపోవచ్చు. మెడ దగ్గర గొట్టం అమర్చిన వారికి ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది, ఆ కట్టును ఎవరూ ముట్టుకోకూడదు. తల మీద చేయి ఆనించి మెల్లగా ప్రార్థిస్తే చాలు.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యమైనది. "నీకు స్వస్థత కలిగింది, ఇక సూది అక్కరలేదు" అనే మాట ఆ మైదానంలో ఎవరి నోటా రాకూడదు. అటువంటి మాట విని డయాలసిస్ వంతులు మానేసి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకోలేక కూర్చొని ఆయాసపడుతూ అర్ధరాత్రి వచ్చినవారిని మా కేంద్రంలో చూశాము. కొందరు రాలేకపోయారు. ఉపవాస ప్రార్థన అని ప్రకటించినా, కిడ్నీ రోగులు, ఇన్సులిన్ వేసుకునే మధుమేహ రోగులు ఉపవాసం ఉండకూడదని అదే నోటితో ప్రకటించండి.

స్వతంత్ర సంఘ సేవకుడు
సహోదరీ, మీ సేవను గౌరవిస్తున్నాను. కాని మీ నాలుగవ మాట నా మనస్సుకు కష్టం కలిగించింది. దేవుడు నేటికీ స్వస్థపరుస్తాడని నమ్మి, బోధించి, దాన్ని కన్నులారా చూసినవాడిని. రోగుల మధ్య నిలబడి స్వస్థత అనే మాట ఎత్తవద్దంటే, ఇక అడగడానికి ఏమి మిగిలింది? యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో రోగి కోసం సంఘపు పెద్దలను పిలిపించి, నూనె రాసి ప్రార్థన చేయమని ఉన్నది కదా. వైద్యుల మాట మీద నమ్మకం ఉంచి దేవుని శక్తికి హద్దులు గీయడం సరికాదు.

డయాలసిస్ నర్సు
అయ్యగారూ, స్వస్థత కోసం అడగవద్దని నేను అనలేదు. నేను కూడా ప్రతిరోజూ యంత్రం సిద్ధం చేస్తూ అదే అడుగుతాను. అడగడం వేరు, జరిగిపోయిందని ప్రకటించడం వేరు. ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసిన తరువాత కూడా, వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మని పంపారు. అలాగే ఎవరికైనా స్వస్థత కలిగితే అది రక్తపరీక్షలో క్రియాటినిన్ తగ్గినట్లు కనబడుతుంది, వైద్యుడు తానే వంతులు తగ్గిస్తాడు. ఆ కాగితం వచ్చేదాకా చికిత్స మానకూడదని చెప్పడం వల్ల దేవునికి అవమానం కలగదని నా నమ్మకం.

మరొక సంగతి. ఈ జబ్బు ఉద్దానంలో ఇంతగా ఎందుకు వ్యాపించిందో శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒక కారణాన్ని తేల్చలేదు. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, అన్నిటినీ పరిశీలిస్తున్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, హిరమండలం నుంచి వంశధార నీటిని పైపులద్వారా గ్రామాలకు అందించే పథకం వచ్చింది. పరిశోధకుల కోసం, టెక్నీషియన్ల కోసం, ఆ పైపుల్లో నీరు ఆగకుండా రావడం కోసం పేరుపేరునా ప్రార్థించండి. అదీ స్వస్థత కోసం చేసే ప్రార్థనే.

మందస కాపరి
ఈ విషయంలో సహోదరి గారి మాటను నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. ఇంకొకటి కూడా చేర్చాలి. ఈ జబ్బు ఫలానావారి పాపానికి శిక్ష అని బోధించేవారు మనలో అక్కడక్కడా ఉన్నారు. పుట్టు గుడ్డివాని గురించి, వీడు పాపం చేశాడా వీని కన్నవారు చేశారా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ రెండింటినీ కాదన్నారు. ఎండలో జీడితోటలు బాగుచేసి, కొబ్బరిచెట్లెక్కి కుటుంబాన్ని పోషించిన మనిషికి నలభై ఏళ్లకే కిడ్నీలు చెడిపోతే, అతని ముందు నిలబడి పాపం లెక్క చెప్పడం క్రైస్తవం కాదు. ఆ సాయంత్రం మైకు అందుకునే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి ముందుగా చెప్పి, ఒప్పుకున్న తరువాతే పేరు చేర్చాలి.

మైదానం పక్క ఇల్లు
నేను క్రైస్తవుడిని కాను. మైదానానికి ఆనుకొని ఉన్న వీధిలో మా ఇల్లు ఉంది గనుక ఈ చర్చ చదువుతున్నాను. రెండు విషయాలు మనవి చేసుకుంటాను.

ఏ మతం వారి కార్యక్రమమైనా ఆ మైదానంలో జరిగినప్పుడు హారన్లు చెట్లకు, స్తంభాలకు కట్టి మా కిటికీల వైపు తిప్పుతారు. మా అమ్మాయి మార్చిలో పదవ తరగతి పరీక్షలు రాయాలి. రాత్రి పది దాటిన తరువాత మైకు వాడకూడదని చట్టం ఉన్నా, వెళ్లి అడిగితే మతానికి అడ్డు వచ్చామనే మాట పడాలి. ఈ చర్చలో ఇంత శ్రద్ధగా మాట్లాడుకుంటున్నారు గనుక, అడగడానికి ధైర్యం కలిగింది.

రెండవది అడగాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మా అమ్మగారు ఏడాదిన్నరగా డయాలసిస్ మీద ఉన్నారు. ఆవిడ అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకునే మనిషి. ఆవిడను ఆ మైదానానికి తీసుకువస్తే, మతం మారమని ఎవరైనా ఒత్తిడి చేస్తారా? పేరు మైకులో చదువుతారా? మా ప్రాంతంలో ఇంట్లో ఈ జబ్బు ఉందని తెలిస్తే పెళ్లి సంబంధాలు వెనక్కి పోతున్నాయి. మాకు అమ్మాయి ఉంది.

మహేంద్రతనయ
అయ్యా, మీరు రాసినందుకు ఎంతో కృతజ్ఞతలు. మీ రెండవ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. రోగుల పేర్లు, ఊళ్లు, ఇంటిపేర్లు ఎవరివీ మైకులో చదవము. ఈ నిర్ణయం మీ మాట చదివిన వెంటనే ఏర్పాట్ల సంఘంలో అందరికీ పంపి, ఒప్పించాను. ఎవరి చేతా చేతులెత్తించడం, ముందుకు పిలవడం, కాగితాలపై సంతకాలు తీసుకోవడం ఉండవు. మరొక మతాన్ని గాని, దేవతలను గాని కించపరచే మాట ఎవరి నోటా రాకూడదని కాపరులందరూ ఒప్పుకున్నారు. మీ అమ్మగారు వచ్చి కూర్చున్నా, ఇంట్లోనే ఉన్నా, ఆమె క్షేమం కోసం అడుగుతాము. అది మా బాధ్యత, దానికి బదులుగా ఆమె ఏమీ చేయనక్కరలేదు. ధ్వని విషయం తెలిసినవారు చెబుతారు.

సౌండు పని, కంచిలి
నేను మైకు సెట్లు అద్దెకిస్తాను, అన్ని మతాల కార్యక్రమాలకూ పనిచేస్తాను. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. అదే సంవత్సరం, మద్రాసులోని ఒక చర్చి గురించి వచ్చిన కేసులో, ఏ మతమూ మైకులు పెట్టి ఇతరుల శాంతికి భంగం కలిగించి ప్రార్థించమని చెప్పదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పోలీసు అనుమతి కాగితంలో కూడా ఈ షరతులే ఉంటాయి.

పనిలో దీన్ని ఎలా పాటించాలో చెబుతాను. హారన్లు అసలు వద్దు. హారను చేసే పని ధ్వనిని ఒక వైపుకు దూరంగా విసరడం, ఎదురుగా కూర్చున్నవారికి చెవులు పగులుతాయి, పక్కన ఉన్నవారికి వినబడదు, ఊరవతల ఉన్నవారికి వినబడుతుంది. దానికి బదులు చిన్న బాక్సులు ఆరో ఎనిమిదో తీసుకొని, జనం మధ్యలో మనిషి ఎత్తు స్టాండ్లపై పెట్టి, ముఖాలు కొంచెం కిందికి వంచి, ఒక్కొక్కదాని శబ్దం తగ్గించి పెట్టాలి. ప్రతివారికీ దగ్గరలో ఒక బాక్సు ఉంటుంది గనుక పెద్దగా పెట్టనక్కరలేదు, దూరం రెట్టింపయ్యే కొద్దీ ధ్వని ఆరేసి డెసిబెళ్లు పడిపోతుంది గనుక మైదానం గోడ దగ్గరికి వచ్చేసరికి మామూలు మాటలంత అవుతుంది. మధ్యాహ్నం తిరిగాక గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంది, కాబట్టి బాక్సుల ముఖాలు తూర్పుకు ఉంచితే పడమటి ఇళ్లకు ఇంకా తగ్గుతుంది. జనరేటరును కూడా ఇళ్లకు దూరంగా, ఇసుక బస్తాల వెనుక పెట్టిస్తాను.

స్త్రీల సమాజం, సోంపేట
అందరూ మంచి మాటలే చెప్పారు, కాని ఇంతవరకు మరుగుదొడ్ల మాట ఎవరూ ఎత్తలేదు. వచ్చేవారిలో సగానికి పైగా స్త్రీలే ఉంటారు. కళాశాల మరుగుదొడ్ల తాళాలు ఆ సాయంత్రమంతా తెరిచి ఉంచాలి, నీళ్లు ఉండాలి, దారిలో దీపం ఉండాలి. ఫిబ్రవరిలో ఆరు గంటలకే చీకటి పడుతుంది, మందస కొండ దిగువ ఊళ్లకు, కవిటి వైపు ఊళ్లకు ఆలస్యమైతే బండి దొరకదు. నాలుగు గంటలకు మొదలుపెట్టి ఆరున్నరకు ముగించండి. ముసలివాళ్లు మంచుకు తట్టుకోలేరు.

భాష గురించి కూడా చెప్పాలి. మా సంఘంలో ఇంట్లో ఒడియా మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కొండల నుంచి సవర గిరిజన విశ్వాసులు వస్తామన్నారు. వారిని పాట పాడించి కూర్చోబెట్టడం అలవాటైపోయింది. వారికి కూడా ప్రార్థనలో వంతు ఇవ్వండి, వారి భాషలోనే చేయనివ్వండి, తెలుగులోకి చెప్పించనవసరం లేదు. దేవునికి అర్థమవుతుంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు, కవిటి
ఆ చివరి మాటతో ఏకీభవిస్తున్నాను. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకొని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన నేల ఇది. ఆ భాషలో ప్రార్థన మన మధ్య బహిరంగంగా వినబడడం మనకు గౌరవం.

ఇంకొక ప్రార్థనాంశం చేర్చమని కోరుతున్నాను. సోంపేటకు క్రైస్తవం వైద్యంతో కలిసి వచ్చింది. కెనడా బాప్టిస్టు మిషను వారి ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ గారు కళ్లకు చేసిన శస్త్రచికిత్సలను చూసి, 1963లో కెనడాలోని కాల్గరీ నగరంలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ మొదలైంది. ఆ తరువాత అది అనేక దేశాలకు విస్తరించింది. చూపు ఇచ్చిన ఊరు మనది. ఈనాడు ఆ ఊళ్లో క్రైస్తవ సంఘాలు ఎన్నో ఉన్నాయి, కాని రోగి పక్కన కూర్చునే అలవాటు మనలో తగ్గింది. దేవుని ముందు దీన్ని ఒప్పుకొనే ప్రార్థన ఒకటి ఉండాలి, మిగిలినవాటికంటే ముందు ఉండాలి.

మహేంద్రతనయ
అందరి సలహాలతో కాపరుల దగ్గర కూర్చున్నాము. నిర్ణయాలు ఇవి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర వరకు కూడిక జరుగుతుంది. వేదిక ఉండదు. నేలమీద పరదాలు, వెనుక వరుసల్లో వృద్ధులకు, రోగులకు కుర్చీలు ఉంటాయి. రెండు పాత కీర్తనల తరువాత, మాస్టారు చెప్పిన ఒప్పుకోలు ప్రార్థనను మందస కాపరిగారు చేస్తారు. వాక్యం పది నిమిషాలు, దానికి ఎవరినీ బయటినుంచి పిలవడం లేదు. ఆపై విజ్ఞాపనలు మొదలవుతాయి: కిడ్నీ రోగులు, వారి కుటుంబాలు, వైద్యులు, పరిశోధకులు. సముద్రంపై ఉన్నవారి కోసం బారువ స్త్రీలు. చెన్నై, హైదరాబాదు, గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లినవారి కోసం వారి తల్లిదండ్రులు. పరీక్షలు రాసే పిల్లల కోసం సండే స్కూలు ఉపాధ్యాయులు. తిత్లీ తుపానులో కొబ్బరి, జీడి పోగొట్టుకున్న రైతుల కోసం ఒక రైతు. 2018 అక్టోబరు 11న కూలిన తోటల్లో మళ్లీ నాటిన మొక్కలు చాలాచోట్ల ఇప్పటికీ పాత రాబడిని ఇవ్వడం లేదు, అది మరచిపోయిన సంగతి కాకూడదు. అధికారంలో ఉన్నవారి కోసం ఏ పార్టీ పేరూ ఎత్తకుండా ఒకరు. ఒక్కొక్క అంశానికి ఒకరిద్దరు పెద్దగా ప్రార్థించిన తరువాత రెండు నిమిషాలు అందరూ మౌనంగా చేస్తారు.

ఈ మౌనం గురించి ఏకాభిప్రాయం కుదరలేదని కూడా చెప్పాలి. పెంతెకొస్తు సహోదరులు అందరూ ఒక్కసారి స్వరమెత్తి ప్రార్థించడం తమ ప్రాణమని అన్నారు. కతోలికులు, బాప్టిస్టు పెద్దలు కొందరు అందులో తాము ప్రార్థించలేమని అన్నారు. చివరకు ఆరు అంశాల్లో నాలుగింటికి మౌనం, రెండింటికి స్వరమెత్తడం అని ఒప్పుకున్నారు. ఎవరికీ పూర్తిగా తృప్తి లేదు. నేనైతే దీన్ని ఓటమిగా చూడడం లేదు, ఒకరి పద్ధతిలో మరొకరు కొంతసేపు కూర్చోవడానికి ఒప్పుకున్నారు.

ముగింపులో ప్రభువు నేర్పిన ప్రార్థనను అచ్చువేసిన కాగితం చూసి అందరూ కలిసి చేస్తారు. ప్రభురాత్రి భోజనం, బాప్తిస్మం, కానుకల పాత్ర ఉండవు. ఖర్చును సంఘాలు పంచుకుంటాయి, జమాఖర్చులు తరువాతి వారమే ప్రతి మందిరంలో చదువుతారు.

స్వతంత్ర సంఘ సేవకుడు
నేను ఆ కూటంలో ఉన్నాను. రోగుల కోసం ప్రార్థించే వంతు నాకు అప్పగించారు. దేవుడు స్వస్థపరచగలడని నేను నమ్మినంత గట్టిగానే అడుగుతాను. ప్రార్థన ముగిసిన వెంటనే, ఎవరూ తమ డయాలసిస్ వంతు మానకూడదని, సోమవారం కేంద్రానికి వెళ్లవలసినవారు తప్పక వెళ్లాలని నేనే నా నోటితో చెబుతాను. నర్సు సహోదరి గారు ఆ మాటలు రాసి ఇస్తే అలాగే చదువుతాను.

డయాలసిస్ నర్సు
అయ్యగారికి వందనాలు. ఈ రాత్రే రాసి పంపుతాను. ఆ సాయంత్రం రక్తపోటు, చక్కెర చూసే పరికరాలతో నేను, మరో ఇద్దరు సిబ్బంది కుడివైపు గేటు దగ్గర ఉంటాము. 108 వాహనం లోపలికి వచ్చే దారిలో బళ్లు నిలపకుండా చూడండి.

మైదానం పక్క ఇల్లు
హారన్లు లేవన్నందుకు, వేళ తగ్గించినందుకు మా వీధి వారి తరఫున ధన్యవాదాలు. మా ఇంటి వెనుక గేటు నేరుగా మైదానంలోకి తెరుచుకుంటుంది. అంతదూరం తిరిగి రాలేని రోగులు ఎవరైనా ఉంటే అటునుంచి తీసుకురండి, తెరిచి ఉంచుతాను. అమ్మ వస్తానన్నారు.

బారువ తీరం
నేల మీద పరచడానికి టార్పాలిన్లు మా ఊరినుంచి తెస్తాము. వలల కింద వాడేవి గనుక ముందురోజే కడిగి ఆరబెడతాము. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఆటోలో చేరుస్తాము, దించడానికి నలుగురు కుర్రాళ్లను మైదానం దగ్గర ఉంచండి.